నిమ్మ, నారింజ గింజలు: చేదు రాకుండా, వృథా కాకుండా వాడుకోవడం ఎలా?

నిమ్మ, బత్తాయి, కమలా, నారింజ, పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్... ఈ కుటుంబంలో ఏ పండు కోసినా గింజ కట్టుబడి ఒకటే. పైన జిగురు, దాని కింద గట్టి పొట్టు, లోపల నూనె, చేదు కలిసిన పప్పు. అందుకే గింజతో మీరు ఏం చేయబోయినా ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: గింజ నలగాలా, నలగకూడదా? వంటింట్లో అయితే దాదాపు ఎప్పుడూ "నలగకూడదు" అన్నదే జవాబు.

గింజలు తింటే ఆరోగ్యమని, మింగితే విషమని, పొడి చేసుకుని తాగితే ఒంట్లో ఏదో తగ్గుతుందని రకరకాల మాటలు ఫోన్లలో తిరుగుతుంటాయి. అవన్నీ కాసేపు పక్కన పెట్టి, గింజనే చేతిలోకి తీసుకుందాం.

ముందు ఒక గింజను విప్పి చూడండి

బాగా పండిన కాయలోంచి రెండు మూడు లావుపాటి గింజలు తీయండి. వేళ్ల మధ్య నిలవకుండా జారిపోతాయి. గింజ చుట్టూ పట్టి ఉన్న జిగురు చేసే పని అది. ఆ జిగురులో ఎక్కువగా ఉండేది పెక్టిన్, అంటే జామ్‌ను గడ్డకట్టించే పదార్థం. దాని సంగతి తర్వాత వివరంగా చూద్దాం. ఇప్పటికి గింజను కడిగి, ముతక గుడ్డతో రుద్ది తుడవండి.

జిగురు పోయాక మీగడ రంగు పొట్టు బయటపడుతుంది. ఒక కొస మొనదేలి, రెండోది గుండ్రంగా ఉంటుంది. మొనదేలిన చోట గోటితో గిల్లి, ఆ అంచు పట్టుకుని లాగితే పొట్టు ఊడి వస్తుంది. తడి మీద ఉన్నప్పుడే ఈ పని సులువు, ఆరిపోతే బిగుసుకుపోతుంది. దాని కింద పలచని గోధుమరంగు పొర ఇంకొకటి ఉంటుంది. గుండ్రటి కొసలో ఆ పొర మీద ముదురు మచ్చ ఒకటి కనిపిస్తుంది. గింజ పెరిగేటప్పుడు తల్లి కాయ నుంచి ఆహారం లోపలికి వచ్చింది ఆ చోటు నుంచే.

ఆ పొర కూడా తీసేస్తే పప్పు. నిమ్మ, బత్తాయి, పంపర పనసల్లో అది తెల్లగానో మీగడ రంగులోనో ఉంటుంది. కమలా జాతుల్లో చాలావాటికి లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఆ రంగు చూసి గింజ పాడైందనుకోకండి, అది దాని సహజమైన రంగే.

ఇక పప్పును మెల్లగా విడదీయండి. పంపర పనస గింజైతే చక్కగా రెండు బద్దలు, వాటి మధ్య ఒక చిన్న మొలక కనిపిస్తాయి. కమలా గింజో, బత్తాయి గింజో అయితే మాత్రం ఒకదాన్నొకటి నొక్కుకుంటూ సైజు కుదరని ముక్కలు నాలుగైదు బయటపడొచ్చు. ఒకే గింజలో ఒకటికి మించి పిండాలు ఉన్నాయని దానర్థం. నారింజ గింజల్లో ఈ వింతను మొదట గమనించి రాసినవాడు సూక్ష్మదర్శినితో పేరు తెచ్చుకున్న లేవెన్‌హుక్, 1719లో. మొక్క పెంచాలనుకునేవాళ్లకు ఇది బాగా పనికొచ్చే విషయం, విత్తే దగ్గర మళ్లీ చెబుతాను.

చివరగా పప్పులో చిటికెడు ముక్క నాలుక మీద పెట్టుకుని నమలండి. చేదు వెంటనే తెలియదు. కొంచెం ఆగి నాలుక వెనక భాగంలో మొదలై, నీళ్లు తాగినా పోకుండా అంటుకుంటుంది. ఒక్కసారి చూస్తే చాలు, ఇకమీద జ్యూస్‌లో గింజ నలిగితే మీకు ఇట్టే తెలిసిపోతుంది.

పోషకాలు ఉన్నాయా అంటే...

ఉన్నాయి. ఎండబెట్టిన గింజ బరువులో మూడో వంతు అటూ ఇటూ నూనే ఉంటుంది. రకాన్ని బట్టి ఇది ఇంకాస్త పెరుగుతుంది. ఆ నూనెలో లినోలీయిక్ అనే కొవ్వు ఆమ్లం వాటా ఎక్కువ, తర్వాత ఓలీయిక్, పామిటిక్ ఆమ్లాలు. విటమిన్ ఇ కూడా ఉంటుంది. నూనె పోగా మిగిలినదాంట్లో ప్రొటీన్, పీచు, కొద్దిగా ఖనిజాలు. విటమిన్ సి కోసమైతే గింజ జోలికి వెళ్లనక్కర్లేదు, అది ఉండేది రసంలో, తొనల్లో, తొక్కలో.

కాగితం మీద బాగానే ఉంది. ఇప్పుడు లెక్క వేయండి. మామూలు నిమ్మగింజ ఒకటి గ్రాములో పదో వంతు ఉంటుందనుకుందాం. పది గింజలంటే ఒక గ్రాము. తాజా గింజలో దాదాపు సగం నీరే, కాబట్టి పొడి పదార్థం అర గ్రాము. అందులో మూడో వంతు నూనె అంటే గ్రాములో ఆరో వంతు. ఈ లెక్కన ఒక టీస్పూను నూనె, అంటే సుమారు 4.5 గ్రాములు, కడుపులోకి వెళ్లాలంటే 270 గింజలు నమలాలి. అంత చేదు ఎవరూ నమలలేరు, నమలాల్సిన అవసరమూ లేదు. "ఈ గింజల్లో ఫలానా ఆమ్లం ఇంత శాతం" అని ఎక్కడ చదివినా, మీ ప్లేట్లోకి వచ్చేది ఎన్ని గ్రాములో ముందు చూసుకోండి. నా మటుకు నేను వీటిని పోషకాహారంగా లెక్కలోకే తీసుకోను.

చేదు ఎక్కడిది?

లిమోనిన్, నోమిలిన్ అనే పదార్థాలవల్ల. 1841లోనే నారింజ జాతి గింజల నుంచి లిమోనిన్‌ను వేరుచేశారు, కానీ దాని అణువు పూర్తి నిర్మాణం తేలడానికి 1960 దాకా పట్టింది. ఇలాంటి పదార్థాల తరగతికంతటికీ లిమోనాయిడ్లని పేరు. వేప చేదు కూడా ఈ తరగతిదే. పురుగులు గింజను కొరకకుండా చెట్టు ఏర్పాటు చేసుకున్న కాపలా ఇది. తొక్క పిండితే చిమ్మే సువాసన నూనెలోని లిమొనీన్ వేరే పదార్థం. రెండూ ఒకటే అనుకుని గింజలకు లేని గుణాలు అంటగట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

లిమోనిన్ ఎంత ఘాటుదంటే, లీటరు నారింజ రసంలో ఆరు మిల్లీగ్రాములు కలిసినా చాలామంది నాలుక పట్టేస్తుంది. నీళ్లలో సరిగ్గా కరగదు కాబట్టి, గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు రసంలోకి పెద్దగా దిగదు. బ్లేడు తగిలి పప్పు నలిగితే మాత్రం ఆ ముక్కలు రసమంతా పరుచుకుంటాయి.

మరి మింగితే?

పొరపాటున ఒకటో రెండో గింజలు మింగితే టెన్షన్ పడకండి. పొట్టు గట్టిది కాబట్టి గింజ గింజలాగే బయటికి పోతుంది. ఆప్రికాట్ పప్పులో ఉండే సైనైడ్ భయం ఇక్కడికి తెచ్చుకోనక్కర్లేదు. నమిలితే జరిగేదల్లా నోరు చేదవడమే. చూసుకోవాల్సింది చిన్నపిల్లల విషయంలో: జారుడు గింజ గొంతుకు అడ్డం పడొచ్చు. అందుకని నాలుగేళ్లలోపు పిల్లలకు, మింగడం కష్టంగా ఉన్న పెద్దవాళ్లకు తొనలు విప్పి గింజలు తీశాకే ఇవ్వండి.

చేదు లేకుండా రసం తీయాలంటే

నిమ్మకాయను నిలువుగా కాకుండా అడ్డంగా కోయండి. గింజలన్నీ నడిమి ఈనె చుట్టూ చేరి ఉంటాయి కాబట్టి, అడ్డంగా కోస్తే చాలావరకు కోత మీదే కనిపిస్తాయి. చాకు మొనతో ఒక్కొక్కటి పైకి లేపేయండి. చాకు కింద ఏ గింజైనా సగానికి తెగితే ఆ ముక్కలు రెండూ తీసి పడేయండి. తర్వాత కోసిన వైపు పైకి ఉండేలా పట్టుకుని పిండితే రసం పక్కల నుంచి కారుతుంది, మిగిలిన గింజలు చెక్కలోనే ఆగుతాయి.

బత్తాయి, కమలా తొనలు మిక్సీలో వేసేటట్టయితే గింజలు ముందే తీసేయాలి, అందులో రాజీ లేదు. ఓపిక లేని రోజున మిక్సీ వద్దు, చేత్తో పిండే జ్యూసరే మేలు. వడకట్టేటప్పుడు జల్లెడలో మిగిలిన పిప్పిని చెంచాతో గట్టిగా రుద్దే అలవాటు చాలామందికి ఉంటుంది. అందులో నలిగిన గింజ ఒక్కటున్నా చేదంతా గిన్నెలోకి దిగుతుంది. రసం దానంతట అదే కారనివ్వండి.

ఇంత చేసినా ఒక్కోసారి ఉదయం తీసిన రసం సాయంత్రానికి చేదెక్కుతుంది. అందులో గింజల తప్పేమీ లేదు. తొనల పొరల్లో, తొక్క లోపలి తెల్లటి భాగంలో లిమోనిన్‌కు ముందు రూపం ఒకటి ఉంటుంది. దానికి చేదు ఉండదు. పిండినప్పుడు అది పుల్లటి రసంలో కలిసి మెల్లమెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. గింజలే లేని నేవెల్ నారింజ రసం కూడా ఇలాగే చేదెక్కుతుంది. మందు ఒక్కటే, తీసిన వెంటనే తాగేయడం. అప్పటికే కొద్దిగా చేదెక్కి ఉంటే చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పు చేదును కొంత అణుస్తుంది, పంచదార ఒక్కటే పోస్తూ పోవడం కన్నా నయం.

జిగురుతో జామ్ గట్టిపరచడం

గింజలతో వంటింట్లో నిజంగా పనికొచ్చే పని ఇది. స్ట్రాబెర్రీ, పీచ్ లాంటి పండ్లలో పెక్టిన్ తక్కువ, ఎంతసేపు ఉడికించినా జామ్ జారుగానే ఉంటుంది. అలాంటప్పుడు బజారులో దొరికే పెక్టిన్ పొడికి బదులు ఈ గింజల జిగురు వాడుకోవచ్చు.

గింజలను కడగకండి. కడిగితే మనకు కావాల్సిందే కాలవలో పోతుంది. రసం తీసిన ప్రతిసారీ గింజలను జిగురుతో సహా చిన్న డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెడుతూ ఉండండి. తెగినవి, నలిగినవి మాత్రం కలపకండి. రెండు పెద్ద చెంచాల గింజలు పోగయ్యాక వాటి మీద అర కప్పు నీళ్లు పోసి, రాత్రంతా నానబెట్టండి. పొద్దున చెంచా పెట్టి లేపి చూస్తే నీళ్లు నీళ్లలా ఉండవు. గింజలన్నీ ఒకదానికొకటి అంటుకుని, కోడిగుడ్డు తెల్లసొన లాగా సాగుతూ లేస్తాయి. అలా సాగిందంటే జిగురు బాగా దిగినట్టే.

దాన్ని గింజలతో సహా సన్నటి మంట మీద పది నిమిషాలు ఉడికించి, వేడి మీదే జల్లెడలో వడకట్టండి. అంతకన్నా ఎక్కువసేపు ఉడికిస్తే చేదు దిగడం మొదలవుతుంది. మార్మలేడ్ (నారింజ తొక్కతో సహా చేసే కాస్త చేదు జామ్) చేసేవాళ్లు గింజలను పలచని గుడ్డలో మూటకట్టి పండుతో పాటే గంటల తరబడి ఉడికిస్తారు, ఎందుకంటే మార్మలేడ్‌కు ఆ చేదు కావాలి. స్ట్రాబెర్రీ జామ్‌కు అక్కర్లేదు.

వడకట్టిన జిగురును జామ్‌లో కలపగానే అది గట్టిపడిపోదు. పెక్టిన్ గొలుసుల మీద ఒకే రకమైన విద్యుదావేశం ఉంటుంది, అందుకని అవి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. పులుపు ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది, పంచదార వాటి చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటుంది. అప్పుడే గొలుసులు దగ్గరకు చేరి వలలా అల్లుకుంటాయి. కాబట్టి తియ్యటి పండైతే నిమ్మరసం తప్పనిసరి, పంచదార బాగా తగ్గించినా పాకం కుదరదు. వంటింటి థర్మామీటర్ ఉంటే 104 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య దింపేయండి. ఎత్తయిన ప్రాంతాల్లో నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి ఈ అంకె కూడా ఆ మేరకు తగ్గుతుంది. థర్మామీటర్ లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టిన చల్లటి ప్లేట్ మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి. ముడతలు పడితే అయినట్టు.

మీ జిగురులో పెక్టిన్ ఎంత ఉందో ముందే తెలుసుకోవాలంటే తేలికైన పరీక్ష ఒకటుంది. చల్లారిన జిగురు ఒక చెంచా గ్లాసులో వేసి, మూడు చెంచాల రబ్బింగ్ ఆల్కహాల్ (చర్మం శుభ్రం చేయడానికి మందుల షాపులో అమ్మే స్పిరిట్) పోసి మెల్లగా తిప్పండి. ఫోర్కుతో ఎత్తగలిగేంత గడ్డ కడితే పెక్టిన్ దండిగా ఉంది. చిన్న చిన్న తునకలుగా విడిపోతే తక్కువ ఉంది, మరికొన్ని గింజలు వేసి మళ్లీ నానబెట్టండి. పరీక్ష చేసిన ఆ చెంచాడు జిగురు విషంతో సమానం. రుచి చూడకుండా పారబోసి, గ్లాసు, ఫోర్కు వెంటనే కడిగేయండి.

నూనె, పొడి, ఎక్స్‌ట్రాక్ట్

ఇంట్లో నూనె తీయడం శ్రమ దండగ. ఫ్యాక్టరీల్లో కూడా తీసిన నూనె ముందు చేదుగానే ఉంటుంది. క్షారంతో శుద్ధి చేస్తే లిమోనిన్ అణువులోని వలయాలు తెరుచుకుని అది నీళ్లలో కరిగే లవణంగా మారి వేరవుతుంది. మన గానుగ, మన మిక్సీ ఆ పని చేయలేవు. ఎండబెట్టి పొడి కొట్టినా అంతే, చేదూ నూనే కలిసిన పొడి వస్తుంది, పైగా గాలి తగిలి కొద్ది రోజుల్లోనే కంపు కొడుతుంది. ఆ పొడినో, నూనె తీయగా మిగిలిన పిండినో కోళ్లకు, పందులకు పెట్టకండి, లిమోనిన్ వాటికి పడదు.

గ్రేప్‌ఫ్రూట్ గింజల ఎక్స్‌ట్రాక్ట్ అని సీసాల్లో అమ్ముతారు, సూక్ష్మక్రిముల్ని సహజంగా చంపుతుందని. 1999లో జర్మనీలో కొన్ని బ్రాండ్లు తెప్పించి పరీక్షించారు. క్రిముల్ని చంపినవాటన్నిటిలోనూ కృత్రిమ ప్రిజర్వేటివ్‌లు దొరికాయి, బెంజెథోనియం క్లోరైడ్‌తో సహా. అవి లేకుండా తయారైనదానికి ఆ గుణమే కనిపించలేదు. ఆ తర్వాత అమెరికాలో చేసిన పరీక్షల్లోనూ కొన్ని సీసాల్లో అదే రసాయనం బయటపడింది. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు దీన్ని డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు. నా సలహా అడిగితే ఎవరికీ వద్దంటాను.

గింజ నాటడం

చిక్కుడు గింజల్లా వీటిని ఎండబెట్టి దాచుకుని విత్తుదామనుకుంటే కుదరదు. గింజ లోపలి తడి బాగా తగ్గితే మొలకెత్తే శక్తి పడిపోతుంది. కాయ కోసిన రోజే నాటడం అన్నిటికన్నా మంచిది. కుదరకపోతే తడిపి పిండిన టిష్యూలో చుట్టి, జిప్ కవర్లో వేసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, కొన్ని వారాలు ఆగుతాయి.

1. ఇందాక జామ్ కోసం వద్దన్న పని ఇక్కడ చేయాలి: జిగురంతా పోయేదాకా కడగండి. జిగురు, గుజ్జు మిగిలితే బూజు పడుతుంది.

2. గిన్నెడు నీళ్లలో వేయండి. తేలినవి చాలావరకు లోపల పప్పు లేని తాలు గింజలు, తీసేయండి. మునిగినవే పనికొస్తాయి.

3. పైపొట్టు ఒలిచేయండి. తప్పనిసరి కాదు గానీ, ఒలిస్తే మొలక త్వరగా వస్తుంది. మొనదేలిన కొసలోనే వేరు మొలక ఉంటుంది కాబట్టి అక్కడ చాకు వాడకండి, గోరు చాలు.

4. నీరు నిలవని మట్టి మిశ్రమంలో సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరున్నర లోతున నాటి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పండి. మట్టి తడిగా ఉండాలి, బురదగా కాదు.

5. 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉండే చోట పెట్టండి. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలక పైకి వస్తుంది. అన్నీ ఒకేసారి రావు, వెనకబడ్డవాటిని తవ్వి చూడకండి. మొలక కనిపించగానే కవర్ తీసేసి వెలుతురుకు మార్చండి.

ఎక్కువ రోజులు నిల్వ ఉన్న నిమ్మకాయను కోస్తే ఒక్కోసారి లోపలే గింజ మొలకెత్తి, తెల్లటి వేరు, ఆకుపచ్చ మొలక కనిపిస్తాయి. అది తెగులు కాదు, కాయ చెడిపోయిందనీ కాదు. మొలకను జాగ్రత్తగా తీసి నేరుగా మట్టిలో పెట్టేయొచ్చు.

ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు లేస్తే విప్పి చూసిన గింజలోని ఆ సైజు కుదరని ముక్కల్ని గుర్తు చేసుకోండి. వాటిలో ఒకటి పరాగసంపర్కం వల్ల పుట్టినదై ఉండొచ్చు. మిగతావి అచ్చంగా తల్లి కణజాలం నుంచే పుడతాయి, అంటే తల్లి చెట్టుకు నకళ్లు. అంటుకట్టడానికి అడుగున వేళ్లతో ఉండే మొక్కలు ఒకే రకంవి వందల్లో కావాల్సిన నర్సరీలు ఆధారపడేది ఈ గుణం మీదే. తల్లి చెట్టు లాంటిదే కావాలంటే ఏపుగా ఎదిగే మొలకలను ఉంచి, బలహీనంగా, ఆకుల తీరు తేడాగా ఉన్నదాన్ని తీసేయండి. సాధారణంగా ఆ వేరుగా ఉన్నదే సంపర్కపు మొక్క, అయితే ఇది ప్రతిసారీ నిజమవుతుందని రాసివ్వలేం. పంపర పనస, క్లెమెంటైన్ (ఒక చిన్న కమలా రకం) గింజల్లో ఒకటే పిండం కాబట్టి వాటి మొక్కలు తల్లిలా ఉండాలని లేదు. కాయ ఎలా ఉంటుందో కాసేదాకా తెలియదు.

కాసేదాకా అంటే చాలా ఏళ్లు. చిన్న నిమ్మ జాతులు కొంచెం ముందే పూతకొస్తాయి గానీ, నారింజ, గ్రేప్‌ఫ్రూట్ మొక్కలకు గింజ నుంచి అయిదు నుంచి పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ లేత వయసులో ముళ్లు కూడా బాగా ఉంటాయి, పిల్లలు తిరిగే చోట కుండీ పెట్టకండి. అంతకాలం ఆగలేకపోతే మొక్క కాండం పెన్సిల్ మందం అయ్యాక, కాపుకొచ్చిన చెట్టు నుంచి తెచ్చిన మొగ్గతో దాని మీద అంటుకట్టించండి. మొగ్గ వచ్చింది కాపుకొచ్చిన చెట్టు నుంచి కాబట్టి రెండు మూడేళ్లలోనే పూత చూడొచ్చు.